బోధన్ అవతలి తొవ్వ

మా ఆయన ముత్యం ముప్పై ఏళ్ళు ఆర్టీసీ బస్సు నడిపాడు. నిజామాబాద్ నుంచి బోధన్, బోధన్ నుంచి నిజామాబాద్. ఆ తిరుగుడంతా కలిపితే భూమి చుట్టూ ఎన్నిసార్లవుతుందో మా అమ్మాయి సంజన లెక్కేసి చెప్పింది. బోధన్ దాటి మాత్రం ఒక్క కిలోమీటరు పోలేదు. నన్ను బోధన్ దాకా కూడా తీసుకుపోలేదు. "డ్యూటీ బండ్ల ఇంటోళ్ళను ఎక్కించుకుంటే మంది నవ్వుతరు" అనేవాడు. నవ్వితే ఏం పోయేదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆయన రిటైరైన నెలకు నేనే ఒక మోటార్ సైకిల్ కిరాయికి మాట్లాడాను. దూరప్రయాణాలకని చేసిన బండి. ఇటొక పెట్టె, అటొక పెట్టె, వెనక కూర్చున్నవాళ్ళు ఆనుకోవడానికి మెత్త. మూడు రోజుల ప్రోగ్రాం నాదే. బోధన్ మీదుగా కందకుర్తి, మంజీర వచ్చి గోదావరిలో కలిసే చోట ఒక పూట, వంతెన దాటి ధర్మాబాద్, అటునుంచి బాసర, నిర్మల్, చివరికి కుంటాల జలపాతం. అక్కడెక్కడా మాకు పని లేదు. పెళ్ళి లేదు, దినం లేదు, దవాఖాన లేదు. నా యాభై నాలుగేళ్ళలో పని లేకుండా ఊరు దాటడం ఇదే మొదటిసారి, అందుకే పట్టుబట్టాను.

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో బండి కిరాయికిచ్చే దిలీప్‌ది బోధన్ దగ్గర క్యాంపు, కోస్తా నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊరు. వాళ్ళ తాతలు గుంటూరు వైపు నుంచి వచ్చారు. "బాబాయ్ గారూ, బండి కొంచెం బరువండీ, చూసుకోండి" అన్నాడు.

"యాభై మందిని ఏస్కొని నడిపిన" అన్నాడు మా ఆయన.

"ఇప్పుడు పిన్నిగారు ఒక్కరే కదండీ. ఇంకా జాగ్రత్త" అన్నాడు దిలీప్.

పొద్దున ఏడింటికి బయల్దేరాం. నా సంబరం అర్సపల్లి దాకా ఉంది. అక్కడ ఎవరో చెయ్యెత్తారు. బండి ఆగింది. ఆ మనిషి చెయ్యెత్తింది మా వెనకొచ్చే ఆటోకట. "అలవాటు" అన్నాడు మా ఆయన. సరే అనుకున్నాను. తర్వాతి బస్సు స్టేజీ దగ్గర ఎవరూ లేరు. అయినా ఆగింది.

"ఎవలు లేరు గద?"

"ఉంటరేమోనని."

జానకంపేటలో కూరగాయల గంపతో దేవవ్వ నిలబడి ఉంది. ఏళ్ళ తరబడి ఆయన బస్సెక్కిన మనిషి.

"బస్సేదిరా ముత్యం?"

"రిటైరైన అవ్వా."

దేవవ్వ బండిని ముందు నుంచి వెనక దాకా చూసింది. "అయితే గిదిచ్చిండ్రా?" అంది. తర్వాత నా వంక, తన సీట్లో కూర్చున్నదాన్ని చూసినట్టు చూసింది. నేను మెత్తకు గట్టిగా ఆనుకున్నాను.

ఎడపల్లిలో రామకోటేశ్వరరావు అనే చెరుకు రైతు టిఫిన్ క్యారియర్‌తో రోడ్డు మీదికే వచ్చేశాడు. "దేవుడిలా వచ్చావయ్యా ముత్యం. మా అమ్మాయి హైమ క్యారేజీ మర్చిపోయి బ్యాంకు డ్యూటీకి బోధన్ పోయింది. బ్యాంకులో ఇచ్చి పో" అన్నాడు. క్యారియర్ పెట్టెలోకి పోయింది. పెట్టెలోని నా స్వెటర్ నా ఒళ్ళోకి వచ్చింది.

రోడ్డుకు రెండు పక్కలా చెరుకు నిండుగా ఉంది. నేను చెరుకు చూస్తుంటే ఆయన గుంతలు చూపించాడు. "గీ మూల మీద ఓసారి టైరు పగిలింది" అన్నాడు. బస్సు గంటలోపే పోయే దూరం మేము రెండు గంటలు పోయాం.

బోధన్‌లో హైమకు క్యారియర్ ఇచ్చి, బస్టాండ్ పక్క హోటల్‌లో చాయ్ తాగాం. ఆయన గడియారం చూసుకుని, బండి తిప్పి, ఎక్కమన్నాడు. ఎక్కాను. కొంతదూరం పోయాక ఎండ కళ్ళలో పడింది. పొద్దుటి నుంచి అది నా వీపున ఉంది.

"ఆపు" అని అరిచాను. స్టేజీ వచ్చాక ఆపాడు.

"యాడికి పోతున్నం?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "నిజామాబాద్" అన్నాడు, తనకూ అప్పుడే తెలిసినట్టు. "టైమైందనుకున్న."

నేను బండి దిగాను. రోడ్డు మీద జనం ఉన్నారు, ఉండనీ అనుకున్నాను. "ముప్పయేండ్లు యాడికీ తీస్కపోలె, నేను అడగలె. గిప్పుడు బండి నేనే మాట్లాడిన, పూరీలు నేనే కట్టిన. గా బోధన్ దాటనీకి నీకేమైంది సంజన బాపూ?"

ఆయన హెల్మెట్ తీశాడు. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. తెచ్చుకుంటే బాగుండేది.

"నాకు ముంగట తొవ్వ తెల్వది శైలజా."

"ఫోన్ల ఉంటది."

"ఫోన్ల తొవ్వ ఉంటది. యాడ గుంతున్నదో ఉండది. నేను ఎన్నడన్న ఎరుకలేని తొవ్వ నడిపిన్నా? ఎనక నువ్వున్నవు. పడేస్తే?"

ఇన్నేళ్ళూ ఆయనకు భయమే లేదనుకున్నాను. ఆ రోడ్డు మీద లేదంతే. నాకు జాలేసింది, జాలేసినందుకు మళ్ళీ కోపమొచ్చింది. బండెక్కి కూర్చున్నాను.

ఆయన బండి తిప్పాడు. బోధన్ మొత్తం దాటించి, ఊరి చివర కందకుర్తి బోర్డు దగ్గర ఆపాడు. రెండు కాళ్ళూ నేలకు ఆనించాడు. ఇంజను నడుస్తూనే ఉంది.

"పోదాం" అన్నాను. కదల్లేదు.

"ఇగ పో." కదల్లేదు. అద్దంలో నా వైపు చూస్తున్నాడు. అడగడం లేదు, ఎదురు చూస్తున్నాడు. ముప్పై ఏళ్ళు వెనక నుంచి ఒకరు చెప్పందే బండి కదిలించని మనిషి. ఆయన బస్సు నేను ఎక్కలేదు గాని, వేరే బస్సులు ఎక్కలేదా?

పక్కనున్న పెట్టె మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాను.

"రైట్! రైట్!"

బండి కదిలింది. రెంజల్ వచ్చింది, పోయింది. దారిలో ఒకరిద్దరు చెయ్యెత్తారు గాని ఆయన ఆపలేదు. నా హెల్మెట్ అద్దం దించుకుంటే కళ్ళు తుడుచుకోవడానికి వీలు కాదని నాకు ఆ తొవ్వలోనే తెలిసింది.