ఇరవై ఎనిమిది పళ్ల యాడ్ బ్రేక్

సాయంత్రం ఆరున్నరకి పళ్లావిడ ఇంటికొస్తుంది. చెప్పులు విడవకముందే హాల్లోంచి మూడు పిలుపులు. అత్తగారికి టీ, మొగుడికి కళ్లజోడు, కూతురికి చార్జరు. కళ్లజోడు ఆయన నెత్తిమీదే ఉంటుంది, చార్జరు సోఫా కిందే ఉంటుంది. అయినా ఆ సంగతి ఆవిడే వచ్చి చెప్పాలి. పళ్ల సెట్లు కట్టే ల్యాబులో పద్దెనిమిదేళ్లుగా చేస్తోంది కనక వీధంతా ఆవిణ్ణి పళ్లావిడ అంటారు.

టీవీలో యాడ్లు మొదలైతే మాత్రం పిలుపులు ఆగిపోతాయి. ఆ ఇంట్లో యాడ్లు పళ్లావిడ చేతిలో పని అయ్యేదాకా వస్తాయి మరి. గిన్నెలు తోముతుంటే గిన్నెలయ్యేదాకా, బట్టలు మడతపెడుతుంటే ఆఖరి చొక్కా మడిచేదాకా. సబ్బు, పెయింటు, బీమా, మళ్లీ సబ్బు. ఆవిడ చెయ్యి తుడుచుకోగానే సీరియల్ ఆగినచోటే మొదలవుతుంది. పక్కింట్లో వార్తలు కూడా అయిపోతాయి గానీ వీళ్లింట్లో ఎత్తిన చెయ్యి ఇంకా చెంప మీద పడదు. అలాంటప్పుడు ఆవిణ్ణి పిలిచి ఇంకో పని చెబితే యాడ్లు ఇంకాస్త సాగుతాయి. అందుకని నోరు మూసుకుని కూర్చుంటారు. లేచి తలో చెయ్యి వేస్తే సగంలో అయిపోతుందన్న ముక్క మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

ఆవిడ మొగుడు బస్ డిపోలో టైమ్‌కీపరు. బయల్దేరాల్సిన బస్సు రెండు నిమిషాలు ఆగితే ప్రాణం పోయేటట్టు చూస్తాడు. అలాంటి మనిషి ఇంటికొచ్చి నలభై నిమిషాలు సబ్బు యాడ్లు చూడటం కష్టమే, కాదనను. కేబుల్ తీసేసి ఇంటర్నెట్‌లో సినిమాలొచ్చే పెట్టె పెట్టిద్దామని మూడు వారాలుగా ఒకటే గొడవ. కూతురు సరేనంది. అత్తగారు వద్దంది, సీరియల్ దాని టైముకి అదే రావాలి గానీ మనం వెళ్లి వెతుక్కోవడమేమిటని. పోనీ అని కూతురు వారం రోజులు ఊరికే వచ్చేదొకటి పెట్టి చూపించింది. మొదటిరోజు ఏం చూడాలో తేల్చుకోవడానికే గంటంబావు పట్టింది. ఈ లోపల ముసలావిడ నిద్రపోయింది. మర్నాడు ఆవిడే రిమోట్ పట్టుకుని ఒక్కసారిగా పదకొండు ఎపిసోడ్లు చూసి, యాడ్లన్నవే లేవు, పాడు కేబుల్ ఎవడిక్కావాలంది. ఇల్లన్నాక ఇలాగే ఉంటుంది.

ఆ వారం పళ్లావిడ ల్యాబు నుంచి ఇంటికి తెచ్చుకునే పనిలో ఒక్క పన్ను కూడా పేర్చలేదు. యాడ్ లేదు కనక పిలుపులకి అడ్డూ లేదు.

సరిగ్గా అప్పుడే ల్యాబులో పెద్ద మేస్త్రి పని మానేస్తున్నాడు. కిటికీ పక్కనున్న ఆయన బల్లా, ఆయన ఉద్యోగమూ పళ్లావిడకివ్వాలా, ఆవిడకన్నా నాలుగేళ్ల తర్వాత చేరిన బక్క మేస్త్రికివ్వాలా అని యజమాని తేల్చుకోలేక, చెరొక సెట్టు చెయ్యమన్నాడు. ఎవరిది మొదటిసారే సరిగ్గా కూర్చుంటే బల్ల వాళ్లది. పళ్లావిడ వంతుకి వచ్చింది ఒక రిటైరైన హెడ్మాస్టరు నోరు. చిగుళ్లు అరిగి పలకలా అయిపోయాయి. మూడేళ్లలో మూడు సెట్లు జారిపోయాయి. అలాంటి నోటికి మైనంలో ఇరవై ఎనిమిది పళ్లు పేర్చాలంటే చెయ్యి తియ్యకుండా ఒక రోజంతా కావాలి. ఒక్క పన్ను ముందుగా తగిలినా సెట్టంతా లేస్తుంది. సోమవారం పొద్దున్నకల్లా ఇవ్వాలి.

కేబుల్ సోమవారం దాకా ఉంచమని మొగుణ్ణి అడిగింది. కొత్త పెట్టె మనిషి ఆదివారం సాయంత్రం వస్తాడనీ, కేబులాయన్ని మధ్యాహ్నమే రమ్మన్నాననీ, చెప్పిన టైము చెప్పినట్టు జరగాలనీ ఆయనన్నాడు. ఆ మనిషితో టైము గురించి వాదించడమంటే గోడకి చెప్పుకున్నట్టే.

ఆదివారం ఉదయం ఫైనల్ మ్యాచ్. రెండు జట్లూ చెరో గోలు కొట్టి సమానంగా ఉన్నాయి. ఆట ఇంకా మూడు నిమిషాలుందనగా ఎవరికో దెబ్బ తగిలి ఆగింది. సబ్బు యాడ్ మొదలైంది.

పళ్లావిడ వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి, దవడలా తెరుచుకుని మూసుకునే ఇత్తడి చట్రం దాని మీద పెట్టి, స్పిరిట్ దీపం వెలిగించింది.

అరగంటకి మొగుడు గుమ్మంలోకొచ్చాడు. "ఎంతవరకొచ్చింది?"

"ముందు పళ్లు నాలుగు."

"మొత్తం ఎన్ని?"

"ఇరవై ఎనిమిదండీ."

ఆయన వేళ్ల మీద లెక్కేసుకుంటూ వెళ్లిపోయాడు. ఎవరు గెలిచారో ఎవరూ చెప్పకుండా ఫోన్లన్నీ ఆపి సొరుగులో పడేశాడు. వీధిలో కేకలు వినపడుతున్నాయని కిటికీలు మూసేశాడు. కేబులాయన కట్టరు పట్టుకుని వచ్చాడు గానీ, ఆయన కూడా దారిలో చెవులు మూసుకుని వచ్చినవాడే. చివరి మూడు నిమిషాలు చూసి కోస్తానని సోఫాలో చోటు చేసుకుని కూర్చున్నాడు.

ఒంటిగంటకి అత్తగారికి ఆకలేసింది. అలవాటుగా "అమ్మాయ్" అనబోతే మనవరాలు నోరు నొక్కింది. "అమ్మ లేచి వండితే రాత్రి దాకా యాడ్లే నానమ్మా." అలా తెలిసొచ్చింది. టైమ్‌కీపరు బంగాళాదుంపలు చెక్కు తీశాడు, దుంప కంటే చెక్కే ఎక్కువ. కేబులాయన గుడ్లు ఉడకేశాడు. ముసలావిడ ఎవరూ అడక్కుండానే గిన్నెలు కడిగి, ఈ వంటింట్లో సబ్బు ఎక్కడుంటుందో కూడా తెలియనివ్వదు మా కోడలు అని సణిగింది. పళ్లావిడ కంచం తెచ్చి బల్ల చివర పెట్టి, మైనం మీద చెయ్యి తగలకుండా తప్పుకున్నారు. వాళ్లది ప్రేమో మ్యాచ్ పిచ్చో నాకు తెలియదు. తిండి మాత్రం వేడిగా ఉంది.

కొత్త పెట్టె మనిషి వచ్చి, పెట్టె ఇచ్చి, కాసేపు తనూ యాడ్లు చూసి వెళ్లిపోయాడు.

అయిదున్నరకి పళ్లావిడ ఇరవై ఎనిమిదో పన్ను పెట్టి చట్రం మూసింది. అన్నీ ఒక్కసారే తగిలాయి. దీపం ఆర్పి, చేతులు కడుక్కుని హాల్లోకొచ్చింది.

"అయిపోయింది" అంది.

టీవీలో బీమా యాడ్. తర్వాత పెయింటు. తర్వాత సబ్బు. నలుగురూ ఆవిడ వంక చూశారు.

"ఇంకేదో మిగిలి ఉంటుందే అమ్మాయ్. గుర్తు తెచ్చుకో" అంది అత్తగారు.

గిన్నెలు తోమి ఉన్నాయి. బట్టలు మడతపెట్టి ఉన్నాయి, వంకర టింకరగానే అయినా. చెయ్యాల్సిన పని ఏమీ కనపడక ఆవిడ అలాగే నిలబడింది. అప్పుడు తెలిసింది మిగిలింది ఏమిటో. ల్యాబులో బల్ల మాట వచ్చినప్పట్నించీ చెప్పాలనుకుంటున్న మాట.

"ఆ బల్ల నాకొస్తే ఇంటికొచ్చేసరికి రోజూ ఎనిమిదవుతుంది. వచ్చాక వంట చెయ్యను. ఎవరి టీ వాళ్లే పెట్టుకోవాలి. ఇవాళ చేశారుగా, రోజూ అలాగే."

టైమ్‌కీపరు టీవీ వంక చూశాడు. సబ్బు. పెళ్లాం వంక చూశాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఒక మాట అడిగి జవాబు కోసం నిలబడటం ఆయన చూడలేదు. యాడ్ కోసమే సరే అందామనుకున్నాడు, నిజం చెప్పాలంటే. కానీ ఆవిడ వేళ్ల మీద మైనం మరకలు చూసేసరికి వేరే మాట వచ్చింది.

"బంగాళాదుంపలు సన్నగా చెక్కడం నేర్పు" అన్నాడు.

మ్యాచ్ మొదలైంది. మూడు నిమిషాల్లో వీళ్ల జట్టు ఒక్క గోలుతో ఓడిపోయింది. కేబులాయన నిట్టూర్చి లేచి, కట్టరు చేతిలో పట్టుకుని ఎవర్నడగాలో తెలియక పళ్లావిడనడిగాడు. "ఏం చెయ్యమంటావు చెల్లెమ్మా?"

"కోసెయ్యి అన్నా" అంది ఆవిడ.

మైనం పోయి దాని చోట గులాబీరంగు ప్లాస్టిక్ చిగుళ్లు వచ్చేసరికి బుధవారమైంది. బక్క మేస్త్రి చేసిన సెట్టు పొద్దున్నే ఒకసారి అరగదీతకి వెనక్కి వచ్చింది. పదకొండింటికి హెడ్మాస్టరు వచ్చి, నాలుగోసారి నోరు తెరిచి, పెట్టించుకుని, మూశాడు. యజమాని, ఎలా ఉందండీ అన్నాడు. అంతే. మూడేళ్లు నన్ను గంజి తాగించావు, ముగ్గురు మనవల పెళ్లిళ్లలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను, నీది ల్యాబా, రంపపు మిల్లా, అని మొదలుపెట్టి ఇరవై నిమిషాలు ఊపిరి తీసుకోకుండా తిట్టాడు. ఒక్క అక్షరం జారలేదు. పళ్లూ కదల్లేదు.

యజమాని మొహం తుడుచుకుని, కిటికీ పక్క బల్ల తాళంచెవి పళ్లావిడ చేతిలో పెట్టాడు.