అద్దం మీద చిట్టి

పొద్దున్నే డిపోలో అద్దాలు తుడుచుకుని, టైర్లు కాలితో తట్టి చూసుకుని డ్రైవరమ్మ సీటెక్కేది. ముట్లు ఆగిపోతున్న వయసు. ఉన్నట్టుండి గుండెల్లోంచి మొహంలోకి సెగ ఎగదన్నేది, చొక్కా తడిసి వీపుకి అతుక్కునేది. అప్పుడే ఎదురుగా ఉన్న అద్దానికి కూడా ఆవిరి పట్టేది. ఆ ఆవిరి మీద కంటికి కనబడని వేలొకటి బొమ్మలు గీసేది. పిల్లి, గొడుగు, కాళ్లు మరీ పొడుగైన మనిషి.

అది చిట్టి వేలు. ఎన్నో ఏళ్ల కిందట, ఒకటో తరగతిలో ఉండగా జ్వరంతో పోయిన కూతురు.

డ్రైవరమ్మ బస్సు పక్కకి తీసేది. ఆవిరి ఆరేదాకా జనం ఓపిగ్గా కూర్చునేవాళ్లు. ఇవాళ పిల్లికి తోక మర్చిపోయిందని కండక్టరు నవ్వేవాడు. లెక్కల మాస్టారైన భర్త సాయంత్రం ఆ బస్సే ఎక్కి ముందు సీట్లో కూర్చునేవాడు. బొమ్మ వచ్చిన రోజు ఇద్దరూ కడుపునిండా తినేవాళ్లు.

కానీ ఆవిడకి నిద్ర కరువైంది. పక్కంతా తడిసిపోయి లేచి కూర్చోవడమే. ఊరికే కళ్లమ్మట నీళ్లు. ఒకరోజు సిగ్నల్ దగ్గర కునుకు పడితే వెనక బళ్లవాళ్లు హారన్లు కొట్టి లేపారు. బస్సు నిండా మనుషులు. ఒళ్లు జలదరించి మర్నాడే ఆస్పత్రికెళ్లింది.

డాక్టరమ్మ బీపీ చూసి, రొమ్ము క్యాన్సరు, రక్తం గడ్డలు ఇంట్లో ఎవరికైనా ఉన్నాయా అని అడిగి, పరీక్షలయ్యాక హార్మోన్ ప్యాచ్‌లు రాసింది. పొత్తికడుపు మీద అతికించుకుంటే కొన్ని వారాల్లో సెగలు తగ్గుతాయంది. మరి చిట్టి, అని అడిగితే పెన్నుకి మూత పెట్టి, సెగ రాకపోతే పాప కూడా రాదమ్మా అంది.

ప్యాకెట్టు బీరువాలో బట్టల కిందే ఉండిపోయింది. మాస్టారు చూసి, తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇంకొన్నాళ్లు చూద్దాం లెండి. మీరు బస్సెక్కేది కూడా దానికోసమేగా."

"దాన్నెలాగూ దక్కించుకోలేకపోయాం," అన్నాడు. "నువ్వన్నా ఉండు."

అతనే అతికించాడు, అంచులు వేలితో నొక్కుతూ.

మెల్లిగా నిద్ర తిరిగొచ్చింది. ఆవిరి పలచబడి, బొమ్మలు సగంలోనే ఆగిపోసాగాయి. కొన్ని రోజులైతే ఉత్త గీతే.

ఒక సాయంత్రం మలుపు తిరుగుతుంటే సన్నగా సెగ తగిలి అద్దం మసకబారింది. పక్కకి తీసే చోటు లేదు. ఈసారి బొమ్మ రాలేదు. అరచెయ్యి ఒకటి అద్దాన్ని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా గబగబా తుడిచేసింది. ఎదురుగా రోడ్డు మధ్యలో ఒక ముసలాయన, చిరిగిన సంచిలోంచి పడ్డ పళ్లు ఏరుకుంటున్నాడు. బస్సు ఆయనకి బారెడు దూరంలో ఆగింది. ఆయనకి చెవుడేమో, తలైనా ఎత్తకుండా చివరి పండు కూడా ఏరుకుని వెళ్లిపోయాడు.

మాస్టారు లేచొచ్చి ఆవిడ భుజం పట్టుకున్నాడు.

"దాని చెయ్యి చూశారా," అంది డ్రైవరమ్మ. "ఎంత పెద్దదైపోయిందో."

చూశానన్నట్టు తలూపాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని బండి కదిలించింది. ఆ తర్వాత ఆ అద్దానికి ఎప్పుడూ ఆవిరి పట్టలేదు.