మామగారి నాలుక

వేప గింజల కషాయం పాకం తెలుసుకోవడానికి ఆ ఇంట్లో ఉన్నది ఒకటే కొలత, మామగారి నాలుక. గింజలు దంచి, రాత్రంతా నానబెట్టి, వడగట్టాక కోడలు ఆయన వేలి మీద ఒక చుక్క వేసేది. ఆయన నాకి, ముఖం వికారంగా పెట్టి, "నీ వంట కంటే నయమేనమ్మా!" అంటే కషాయం కుదిరినట్టే. క్యాబేజీ ఆకుల్ని జల్లెడ చేసే పచ్చపురుగులు ఆ చేదుకి తిండి మానేసి, కడుపు మాడి చచ్చేవి.

గొంతులో పుండుకు ఆసుపత్రిలో వైద్యం చేయించుకుని వచ్చాక ఆయన స్ప్రేయరు మోయలేకపోయాడు. ఇక మిగిలిన పనల్లా ఆ చుక్క నాకడమే. "రుచి తెలుస్తోందా మామయ్యా?" అని కోడలు అడిగితే, "నాకేం, లక్షణంగా తెలుస్తోంది" అని కసురుకున్నాడు. అంత పౌరుషం ఎందుకయ్యా, పెద్దమనిషీ!

ఈసారి చుక్క నాకి, "ఇది కషాయమా, కుళాయి నీళ్లా? ఇంకాసిని గింజలు వెయ్యి" అన్నాడు. వేసింది. మళ్లీ చాలదన్నాడు. మళ్లీ వేసింది. ఇన్నేళ్లలో ఆయన మాట తప్పింది లేదు కదా, తను నాకి చూడాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు. చివరి నాలుగు వరుసలకు చాలలేదు గానీ, మిగతా తోటంతా చేతులారా కొట్టింది.

రెండు రోజులు తిరక్కుండానే మందు పడ్డ ఆకులన్నీ అంచుల నుంచి మాడిపోయాయి. పురుగులు మిగిల్చిన పంటను మందే తినేసింది.

డబ్బా అడుగున మిగిలిన చుక్కను ఆమె నాలుకకు తగిలించుకుంది. చేదుకి కళ్లు తిరిగాయి. అప్పుడు గుర్తొచ్చింది, ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన తన వంటకు ఒక్క వంకా పెట్టలేదు. ఉప్పు మరిచిపోయిన రోజు కూడా కిక్కురుమనకుండా తినేశాడు. తనేమో వంట బాగుపడిందని మురిసిపోయింది! పంట పోయినందుకు రాని ఏడుపు ఆమెకు అప్పుడొచ్చింది.

మామగారు గట్టు మీద తల వంచుకుని కూర్చున్నాడు. "రుచి తెలియట్లేదని చెప్తే ఇంక నన్ను దేనికీ పిలవవని భయమేసిందమ్మా. నోటికాడి కూడు పడగొట్టాను."

ఆమె కషాయం చాలక వదిలేసిన నాలుగు వరుసల కోసం మళ్లీ గింజలు నానబెట్టింది. తెల్లారి వడగట్టి, ఎప్పటిలాగే ముందు ఆయన వేలి మీదే చుక్క వేసింది. ఆయన నాకి, చాలాసేపు నోట్లో వెతుక్కున్నాడు.

"నువ్వే చెప్పు తల్లీ" అన్నాడు చివరికి.

ఆమె నాలుక మీద వేసుకుంది. సరిగ్గా కుదిరింది.

"నా వంట కంటే నయమే, మామయ్యా."

ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"నీ వంట ఎలా ఉంటుందో మరిచిపోయానమ్మా" అన్నాడు.