అమ్మ్ మర్జూక్ చాయ్ తాగే వేళ

శుక్రవారం అసర్ నమాజు అయ్యాక, ఎండ కాస్త వంగగానే హన్మాండ్లు బకెట్టు, సబ్బు, బ్రష్షు పట్టుకుని షరఫియా బజారు వెనక పార్కులోకి విగ్రహాలు తోమడానికి వస్తాడు. జెద్దా సముద్రపు గాలికి కంచు ఇట్టే మసకబారుతుంది మరి. అక్కడి దిమ్మె మీద కంచు మనుషులు నలుగురున్నారు: తంబూర ఒళ్లో పెట్టుకున్న ముసలాయన, కర్ర తిప్పే ఆటగాడు, పెళ్లిపాటలు పాడే నిండైన మనిషి ఒకావిడ, డప్పు పట్టుకున్న అమ్మ్ మర్జూక్. అమ్మ్ అంటే ఇక్కడ బాబాయి వరసన్నమాట. ఆఫ్రికా నుంచి ఓడల్లో పట్టుకొచ్చిన వాళ్ల మనవలు వీళ్లు. ఒకప్పుడు వీళ్ల పాట, వీళ్ల డప్పు లేనిదే ఈ ఊళ్లో పెళ్లి జరిగేది కాదు. కూర్చోబెట్టేది మాత్రం చెప్పులు విడిచే చోట. ఇప్పుడు ఆ ఊరే వాళ్లను అందరికీ కనబడేలా నిలబెట్టుకుంది.

కంచు మనిషైనా అమ్మ్ మర్జూక్‌కి ఆ వేళకి చాయ్ పడాల్సిందే. దిమ్మె దిగుతాడు, ఎదురుగా ఉన్నవాళ్లలో ఒకరి చేతిలో డప్పు పెడతాడు, ఖయ్యూమ్ చాయ్ కొట్టు వైపు నడుస్తాడు. ఆయన తిరిగొచ్చేదాకా మోత ఆగకూడదు, అదొక్కటే షరతు. హైదరాబాదీ ఖయ్యూమ్, ఆయన బరువుకి రెండు కుర్చీలు విరిగాక సిమెంటు అరుగు కట్టించాడు గానీ, ఇంకేమీ అనుకోలేదు. ఎవరి చేతిలో పెడితే వాళ్ల ఊరి దరువే ఆ డప్పులో పలుకుతుంది. ఏ దరువూ రానివాళ్లు కొడితే రొట్టెలు కొట్టినట్టుంటుంది, జనం నవ్వుకుని సర్దుకుంటారు.

హన్మాండ్లు మాత్రం ఆ వేళకి కావాలనే విగ్రహాల వెనక్కి చేరి తోముతుంటాడు. జగిత్యాల దగ్గర వాళ్లది మాదిగవాడ. తండ్రి, తాత డప్పు కొట్టినవాళ్లు. ఊళ్లో పెళ్లికీ చావుకీ వాళ్లే కావాలి, అన్నం మాత్రం వాకిట్లో, చెయ్యి తగలకుండా పైనుంచి విస్తట్లో పడేది. జెద్దాలో గది పంచుకుంటున్న నాగేందర్‌ది నిజామాబాద్ వైపు ఊరు, ఊరి నడుమ ఇల్లు. మొదటి రోజున ‘మీ నాయిన ఏం జేస్తడు’ అని నాగేందర్ అడిగితే, ‘ఎవుసం’ అన్నాడు హన్మాండ్లు. అక్కణ్ణుంచి ఒకే గిన్నెలో తిన్నారు. ఇక్కడే ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న తన చెల్లెలు శ్రీలతను నాగేందరే తీసుకొచ్చి పరిచయం చేశాడు. ఇద్దరి చూపులు కలిశాయని తెలిశాక కోప్పడకపోగా బావా అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ పిలుపు వినబడ్డప్పుడల్లా హన్మాండ్లుకి సంతోషమూ గుండెదడా కలిసే వచ్చేవి.

ఆ శుక్రవారం శ్రీలత బగారన్నం, కోడికూర తెచ్చింది. అన్నాచెల్లెళ్లిద్దరూ దిమ్మెకి ఎదురుగా గడ్డి మీద కూర్చున్నారు.

"ఎంతసేపు తోముతవ్? సల్లారిపోతది, రా" అని కేకేసింది.

బ్రష్షు చేతిలో ఉండగానే హన్మాండ్లు ముందుకొచ్చాడు. సరిగ్గా అప్పుడే దిమ్మె దిగిన అమ్మ్ మర్జూక్, అతని చేతిలో డప్పు పెట్టి వెళ్లిపోయాడు.

రానట్టు కొడదామనుకున్నాడు హన్మాండ్లు. మణికట్టు మాట వింటే కదా! బ్రష్షు దానంతటదే చేతిలో తిరగబడింది, కాడ డప్పు మీద పడింది. జగిత్యాల పెండ్లి దరువు పార్కంతా లేచింది. తండ్రి దెబ్బ అది, తాత దెబ్బ. అటుగా పోతున్నవాళ్లు ఆగి చప్పట్లు కలిపారు. నాగేందర్ మాత్రం కదల్లేదు. ఆ దరువు ఎవరి చేతులు కొడతాయో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"మీ నాయిన కొడ్తడా?" అన్నాడు చివరికి.

"కొడ్తడు. మా తాత గూడ కొట్టిండు." చెయ్యి ఆపకుండానే చెప్పాడు హన్మాండ్లు.

"గిన్నొద్దులు నాకెందుకు జెప్పలె?"

"చెప్తె నీ గిన్నెల చెయ్యి పెట్టనిస్తవో లేదో అని."

నాగేందర్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. అంతా అయిపోయిందనుకున్నాడు హన్మాండ్లు. డప్పు అక్కడ పడేసి పారిపోవాలనిపించింది, కానీ మోత ఆపకూడదు. అమ్మ్ మర్జూక్ వస్తాడేమోనని చాయ్ కొట్టు వైపు చూశాడు. ఆయన గ్లాసు ఖాళీ చేసి, అరుగు మీద అలాగే కూర్చుని ఇటే చూస్తున్నాడు.

శ్రీలత డబ్బా మూత తీసి అన్నంలో కూర కలపసాగింది. ముద్ద చేసి హన్మాండ్లు దగ్గరికి నడిచింది.

"ఆగు" అన్నాడు నాగేందర్.

ఆగింది. అన్న కళ్లలోకి చూసింది గానీ వెనక్కి మాత్రం అడుగు వెయ్యలేదు.

నాగేందర్ లేచొచ్చి ఆమె చేతిలోని డబ్బా తీసుకున్నాడు. పెద్ద ముద్ద కలిపాడు. హన్మాండ్లు రెండు చేతులూ డప్పుకే సరిపోయాయి. కళ్లు తుడుచుకోవడానికి కూడా ఖాళీ లేదు.

"ఇంకెన్నడు దాయకు" అన్నాడు నాగేందర్. "నోరు తెరువ్, బావా."

వేళ్లు పెదాలకు తగిలేలా ముద్ద నోట్లో పెట్టాడు. హన్మాండ్లు నమిలాడు, ఏడ్చాడు, దరువు మాత్రం తప్పలేదు. రెండో ముద్ద శ్రీలత పెట్టింది.

అమ్మ్ మర్జూక్ ఖయ్యూమ్‌కి సైగ చేసి ఇంకో చాయ్ తెప్పించుకున్నాడు.