వర్జ్యం దాటేదాకా

ఎండకు కాగిన రెక్సిన్ వాసన.

పెట్రోలు వాసన. ఆ రెండింటి కిందా ఎక్కడో, పాత ఇనప్పెట్టె తెరిచినప్పటి వాసన...

ఆ కారు తలుపు తియ్యగానే ముందు అదే పలకరిస్తుంది. తర్వాతే మా ఆయన.

లేత నీలం ఇంపాలా. పందొమ్మిది వందల అరవై నాలుగు. నాకంటే మూడేళ్ళు పెద్దది, నాకంటే మొండిది. నాకంటే మొండిది ఇంకోటి ఉంటుందని అది వచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

మా ఆయన పేరు మహీధర్. ఓడలు బాగుచేసే యార్డులో ఇంజనీరుగా చేశారు. రోజంతా ఓడలు చూసింది చాలక, ఓడంత కారు తెచ్చి సెంబవాంగ్‌లో మా ఫ్లాటు పక్కన పార్కింగులో పెట్టారు. గీతల మధ్య ఇమడలేదు. ముక్కు ఒక జానెడు బయటికే ఉండేది. దారిన పోయే చైనా ముసలాయన ప్రతిసారీ ఆగి, "వా... సో లాంగ్ ఆ, అంకుల్" అనేవాడు. ఈయన మీసం కింద నవ్వు దాచుకునేవారు.

వెనక ఆరు ఎర్రదీపాలు, గుండ్రంగా. ముందు అద్దంలా మెరిసే ఇనుము. తుడిచి తుడిచి చేతులు నొప్పెట్టినా మానేవారు కాదు.

దాన్ని నడపడం మాత్రం వేరే విద్య.

బ్రేకు నొక్కితే వెంటనే ఆగదు — కాసేపు ఆలోచించుకుని ఆగుతుంది.

స్టీరింగ్ తిప్పితే వెంటనే తిరగదు — సరేలే, నువ్వన్నావు కాబట్టి అన్నట్టు తిరుగుతుంది.

గతుకు దాటాక కూడా ఊరుకోదు. ఇంకో రెండుసార్లు ఊగుతుంది.

"దీనికి అన్నీ ముందే చెప్పాలి లీలా" అనేవారు. "చివర్లో చెబితే వినదు."

"ఎప్పుడు చెప్పినా వినని దాన్ని నేనున్నాగా, మీకు అలవాటయ్యే ఉంటుంది" అనేదాన్ని.

ముందు సీటు ఒకటే, ఈ చివర నుంచి ఆ చివరకి. మధ్యలో గేరు లేదు, అడ్డు లేదు. బెల్టు పేరుకే. ఎడమవైపు మలుపు వచ్చిందంటే చాలు, నేను జారి ఆయన భుజం దాకా వెళ్ళిపోయేదాన్ని.

"కావాలనే తిప్పారు."

"రోడ్డు అలా ఉంటే నేనేం చెయ్యను?"

రోడ్డు ఎలా ఉందో నాకు తెలియదూ!

ఏడాదికి నలభై అయిదు రోజులు. అంతే. పాతకాలపు కార్లు రోడ్డెక్కడానికి ఈ దేశం ఇచ్చేది అంతే. మిగతా రోజులన్నీ గుడ్డ కప్పుకుని పడుకోవలసిందే.

ఆ నలభై అయిదు ఏవో ఎంచేదాన్ని నేను.

ఎంచడం అనకూడదేమో. కొట్టివెయ్యడం అనాలి.

అమావాస్య కొట్టేశాను. అష్టమి, నవమి కొట్టేశాను. మంగళవారాలన్నీ కొట్టేశాను. చక్రాలున్న వస్తువు, చూసుకోవాలి కదా అనేదాన్ని. మిగిలిన రోజుల్లో వర్జ్యం. వర్జ్యం నడుస్తున్నంతసేపు ఆయన్ని కాలు గడప దాటనిచ్చేదాన్ని కాదు. ఆయన తాళంచెవి జేబులో వేసుకుని సోఫాలో కూర్చునేవారు. నేను టీ పెట్టేదాన్ని. వర్జ్యం దాటేది... అప్పటికి వాన వచ్చేది. లేదా ఎవరో వచ్చేవారు. లేదా ఆయనకి కునుకు పట్టేది.

ఏ ఏడూ నలభై అయిదు పూర్తి కాలేదు. ఒక ఏడాదైతే పదకొండే.

డిసెంబరు ఆఖరున మిగిలిన రోజులు రాలిపోయేవి. జనవరికి మళ్ళీ కొత్తవి. వస్తాయిలే అనుకున్నాను. ప్రతి ఏడూ అలాగే అనుకున్నాను.

నిరుడు ఆయన కుడికంట్లో మసక మొదలైంది. తర్వాత ఎడమ కంట్లో.

ఇక్కడ అరవై అయిదు నిండితే, డాక్టరు సరే అంటేనే లైసెన్సు. కళ్ళ డాక్టరు ముందే చెప్పేసింది — పట్టపగలు, పొడిరోడ్డు మీద అయితే ఇప్పటికి ఫరవాలేదు, ఆ పరీక్ష మాత్రం నెగ్గరు అని. మా అమ్మాయి నిఖిలకి డ్రైవింగు రాదు. ట్రైను ఉండగా ఎందుకంటుంది. నాకు సైకిలు కూడా రాదు. కారు పెర్త్‌లో ఎవరో కొనుక్కున్నారు. సోమవారం వచ్చి తీసుకెళ్తామన్నారు.

ఆయన అరవై అయిదో పుట్టినరోజు ఆదివారం.

అంటే, మిగిలింది ఒక్క శనివారం.

"బూన్ లే దాకా వెళ్ళొద్దాం" అన్నారు.

పెళ్ళయి ఈ దేశం వచ్చాక మేం మొదట అద్దెకున్న గది అక్కడే. ఆ బ్లాకు కూల్చేసి చాలా కాలమైంది.

"లేని ఇంటికి ఎందుకండీ?"

"దారి ఉందిగా."

నాలుగింటికల్లా తయారయ్యారు. ఇస్త్రీ చొక్కా. దువ్విన తల. ఆకాశం కడిగి ఆరబెట్టినట్టుంది. కింద రెయిన్‌ట్రీ మీద ఆకు కదలడం లేదు. రోడ్డు తెల్లగా, పొడిగా, ఖాళీగా ఉంది.

నేను క్యాలెండరు చూశాను.

వర్జ్యం, సాయంత్రం 4.12 నుంచి 5.44.

"ఇవాళ్టికి వదిలెయ్ లీలా" అన్నారు.

ఆయన ఎప్పుడూ అలా అడగరు. నాకది అప్పుడే తట్టాలి. తట్టలేదు.

"కళ్ళు ఇలా ఉన్నప్పుడా? అదీ ఆఖరిసారికా? గంటన్నర ఆగలేరా?"

ఆగారు. ముప్ఫై నాలుగేళ్ళుగా నా మాటకి ఆగుతూనే ఉన్నారు.

టీ పెట్టాను. తాగారు. కిటికీ దగ్గర నిలబడ్డారు. మళ్ళీ కూర్చున్నారు. తాళంచెవిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. అయిదయింది. ఎండ పచ్చబడింది, గాలి లేచింది, రోడ్డు ఇంకా పొడిగానే ఉంది. అయిదున్నరకి జలసంధి అవతల జోహోర్ వైపు ఆకాశం నల్లబడింది.

అయిదూ ముప్ఫై ఎనిమిదికి మొదటి చినుకు పడింది.

ఇంకో ఆరు నిమిషాలుంది వర్జ్యం.

ఆ తర్వాత వాన కాదు, కుండపోత. ఎదురు బ్లాకు కనబడలేదు. "తగ్గుతుందిలే" అన్నారు. "తగ్గుతుందండీ" అన్నాను. తగ్గలేదు. ఆరున్నరయింది. ఈ వానలో, ఈ మసకలో, ఆ కళ్ళతో ఎలాగూ కుదరదు. ఆయనే లేచి, తాళంచెవి ఫ్రిజ్ మీద పెట్టేశారు. చప్పుడు కాకుండా పెట్టారు.

అప్పుడొచ్చింది నిఖిల, తడిసి ముద్దయి.

"నాన్నా, డ్రైవ్‌కి వెళ్ళలేదా?"

ఆయన తల అడ్డంగా ఊపి కిటికీ వైపు తిరిగారు. నేను దాన్ని వంటింట్లోకి తీసుకెళ్ళి వర్జ్యం సంగతి చెప్పాను. అది తల తుడుచుకుంటూ క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, వేలుపెట్టి చదివింది.

"అమ్మా... దిస్ వన్ ఇండియా టైమ్, లా. తెనాలి నుంచి మామయ్య పంపింది కదా? టూ అండ్ ఎ హాఫ్ అవర్స్ యాడ్ చెయ్యాలి."

మామూలుగా అనేసి, స్నానానికి పోయింది.

అది వేలుపెట్టిన చోటే నేనూ వేలుపెట్టి చదివాను.

అన్నయ్యది రాకముందు ఇక్కడి గుడిలో ఇచ్చే క్యాలెండరు చూసేదాన్ని. అందులో ఇక్కడి టైములే ఉండేవి. అక్షరాలు చిన్నవని విసుక్కుంటే, ఏడేళ్ళ కిందట అన్నయ్య పెద్దక్షరాలది పంపాడు. మేకు అదే, గోడ అదే, చూసే కళ్ళు అవే. రోజూ అన్నయ్యకి ఫోన్ చేసేముందు అక్కడ ఎంతయిందో రెండున్నర గంటలు తీసేసి చూసుకునే మనిషిని. గోడ మీది దానికి మాత్రం ఏడేళ్ళలో ఒక్కసారీ తోచలేదు.

ఆ రోజు వర్జ్యం మాకు మొదలయ్యేది ఆరూ నలభై రెండుకి.

నేను ఆయన్ని కూర్చోబెట్టిన గంటన్నరలో ఏ దోషమూ లేదు. నాలుగింటికి బయల్దేరి ఉంటే వెళ్ళి, ఆ లేని ఇంటిముందు కాసేపు ఆగి, చినుకు పడేలోగా ఇంటికి వచ్చేసేవాళ్ళం.

ఏడేళ్ళు. మంచి గడియల్లో ఆయన్ని ఇంట్లో కట్టేశాను. అసలు వర్జ్యంలో ఎన్నిసార్లు పంపానో, ఎన్నిసార్లు పక్కన కూర్చుని నేనూ వెళ్ళానో... ఏమీ కాలేదు. ఒక్కసారి కూడా ఏమీ కాలేదు.

నా చేతులారా చేశాను. ఎవరిని అంటాను?

చెప్పేద్దామనే హాల్లోకి వచ్చాను. ఆయన కిటికీ దగ్గరే ఉన్నారు. బయట వాన ఇంకా పడుతూనే ఉంది.

"నువ్వు ఆపడమే మంచిదైంది లీలా" అన్నారు, వెనక్కి తిరక్కుండానే. "దారిలో ఉండగా ఈ వాన పట్టుకుంటే, ఈ కళ్ళతో... నీకేమైనా అయితే నేనేం చేసేవాణ్ణి?"

నేను ఆయన ఖాళీ టీ కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆదివారం పొద్దున్నే అన్నయ్య ఫోన్ చేశాడు, పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పడానికి. ఈయన స్పీకరు పెట్టారు. కారు సంగతి అడిగితే బెంగపడతారేమో అని నేను భయపడుతున్నాను. ఆయన గొంతులో బెంగ లేదు. కథ చెబుతున్నట్టు చెప్పారు — వాన ఎలా వచ్చిందీ, నేనెలా పట్టుబట్టి ఆపిందీ.

"మీ చెల్లెలు నిన్న నన్ను కాపాడింది బావగారూ. మీ క్యాలెండరు పుణ్యమే. వచ్చే ఏడాదిది మర్చిపోకుండా పంపండి."

"అంతకన్నానా బావగారూ, నవంబర్లోనే పంపిస్తా" అన్నాడు అన్నయ్య. "ఏదీ, దానికోసారి ఇవ్వండి."

ఆయన నవ్వుతూ ఫోను నా వైపు చాపారు. ఆ శనివారం నుంచి ఆయనకి మిగిలింది ఆ ఒక్క సంతోషమే.

నేను ఫోను అందుకున్నాను.

"ఆఁ... అన్నయ్యా" అన్నాను.