కోతకు ముందు చల్లే మినుములు

టుప్.

ఒక నీటి చుక్క మడి మీద పడుతుంది. మట్టి రంగు ముదురుతుంది.

టుప్... టుప్.

నా పొలం అరచేతిలో ఉంటుంది. ఫోన్లో పొలం. దుక్కి లేదు, బురద లేదు, పైరుకి దోమపోటు అసలే లేదు. వేలితో ఒకసారి తాకితే నీళ్ళు, ఇంకోసారి తాకితే కోత. గట్టు మీద ఒక కోడి ఉంటుంది. దానికి వేళాపాళా లేదు, బుద్ధి పుట్టినప్పుడల్లా కూస్తుంది.

నేను పెద్ద ఆటగత్తెనేం కాదు. తుపాకుల ఆటలు నావల్ల కాదు. కార్ల ఆటల్లో మొదటి మలుపులోనే గోడకి గుద్దేస్తాను. నాదంతా కుక్కర్ కూతకీ కూతకీ మధ్య ఆట. పటమట నుంచి భవానీపురం వచ్చే బస్సు బెంజి సర్కిల్ దగ్గర ఆగిపోతే, ఆగినంతసేపూ ఆట.

ఆ కాస్త ఆటా లేని రోజు మాత్రం ఉప్పు లేని పప్పే.

అత్త మీద కోపం దుత్త మీద అంటారు. మా వంటింట్లో దుత్త లేదు. అందుకని ఫోన్లో రంగు బుడగలు పేల్చేదాన్ని. ఎర్రవి... నీలంవి... పచ్చవి... టప టపా పేల్చేదాన్ని. కోపం తగ్గేది కాదుగానీ చాలా లెవెళ్ళు దాటేశాను.

అత్తయ్య పేరు రావమ్మ. వాళ్ళది పామర్రు పక్కన ఊరు. నా పేరు జెస్సికా. పటమట చర్చిలో పాటలు పాడుతూ పెరిగినదాన్ని. చక్రి, నేను ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాం. అత్తయ్య పెళ్ళికి వచ్చింది. అక్షింతలు వేసింది. భోంచేసి వెళ్ళింది.

నాతో మాత్రం మాట్లాడలేదు.

ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా.

తిట్టనూ లేదు. అదే నా బాధ. తిడితే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు, ఏడవొచ్చు, అలిగి పడుకోవచ్చు. ఆవిడ ఫోన్ చేస్తే చక్రికే చేస్తుంది. "ఆ పిల్ల ఎలా ఉంది" అని అడుగుతుందట. నా పేరు ఆవిడ నోట ఎన్నడూ రాలేదు. పామర్రు గడప నేనింకా తొక్కలేదు. రమ్మని ఎవరూ అనలేదు మరి.

ఆటలో నయం. తప్పు చేస్తే ఎర్రగా మెరిసి చెబుతుంది. ప్రాణాలన్నీ అయిపోతే కాసేపాగమంటుంది, మళ్ళీ ఇస్తుంది. ఎంతసేపు ఆగాలో కూడా పైన రాసి ఉంటుంది.

మనిషి మాట్లాడకపోతే ఎంతసేపు ఆగాలో ఎక్కడ రాసి ఉంటుంది?

ఈ కార్తీకంలో అత్తయ్య కంట్లో శుక్లం తీశారు. ఆస్పత్రి బెజవాడలో కాబట్టి మకాం మా ఇంట్లో. చక్రి పొద్దున డ్యూటీకి పోతే చీకటి పడ్డాకే రాక. నేను సెలవు పెట్టాను. కంట్లో చుక్కలు వేయాల్సింది నేనే.

టుప్.

"చుక్కల వేళ అయినట్టుంది" అంటుంది ఆవిడ.

నాతో కాదు, ఫ్యానుతో.

మంచం మీద వెల్లకిలా పడుకుని, పైన తిరుగుతున్న ఫ్యానుతో. "కాఫీలో పంచదార ఎక్కువైంది"— ఫ్యానుతో. "అబ్బాయి ఇంకా రాలేదు"— ఫ్యానుతో. మా ఇద్దరికీ ఫ్యానే మధ్యవర్తి అయి కూర్చుంది.

సరే, నేనేమన్నా తక్కువ తిన్నానా? "కాసేపు కళ్ళు తెరవకూడదండి" అని నేనూ ఫ్యానుకే చెప్పాను.

ఆవిడ కళ్ళు మూసుకుంది. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని పొలం తెరిచాను.

కొక్కొరొకో!

"అపార్ట్‌మెంట్లో కోడి ఎక్కడిది?"

"ఫోన్లోదండి. పొలం ఆట." ఫ్యాను తరఫున నేనే జవాబు చెప్పాను.

ఫ్యాను తిరుగుతోంది... తిరుగుతోంది...

"ఏం పంట?"

స్టూలు ముందుకి జరుపుకున్నాను. "వరండి."

"ఎన్నాళ్ళ పంట?"

"ఒక పూటండి."

మూసిన కళ్ళ కింద పెదవి వంకర తిరిగింది. "పూటలో వరా! అయితే మా కొంపలు ఏనాడో బాగుపడేవి."

ఆ నవ్వూ ఫ్యానుకే. ఐతేనేం, నా గదిలో నవ్వింది.

అప్పటినుంచి చుక్కలు వేసినప్పుడల్లా పొలమే. టుప్— కంట్లో ఒక చుక్క. టుప్— మడిలో ఒక చుక్క. నేను చూసి చెప్పేదాన్ని, ఆవిడ కళ్ళు మూసుకుని వినేది. నీళ్ళు పెట్టావా అని కాదు, "నీళ్ళు పెట్టారో లేదో" అనేది. గట్టు మీద గడ్డి పెరిగిందో లేదో అనేది. కోడి కూస్తే "దీని దుంప తెగ, మిట్టమధ్యాహ్నం కూతేంటి" అనేది. ఫ్యానంటే నాకు మహా ప్రేమ పుట్టుకొచ్చింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి అది ఆగిపోతే, అయ్యో, ఇప్పుడు ఎవరితో మాట్లాడుకుంటామని కంగారు పడ్డాను.

బుడగలు పేల్చడం ఎప్పుడు మానేశానో నాకే గుర్తు లేదు.

డాక్టరు చూసి, కన్ను బాగుందన్నాడు. ఇంటికొచ్చాక అత్తయ్య నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మంచం మీద లేచి కూర్చుంది. కొంచెం జరిగింది. ఇంకొంచెం జరిగింది. ఇన్నాళ్ళూ విన్న పొలాన్ని మొదటిసారి చూసింది.

చేను పండి ఉంది. తెరంతా పసుపు. నేను కోయడానికి వేలెత్తాను.

గబుక్కున నా మణికట్టు పట్టుకుంది.

"ఆగవే! కోసేస్తావేంటి? మినుములు చల్లావా?"

ఫ్యాను వైపు చూడలేదు.

నా వైపు చూసింది.

"కోశాక చల్లుతారేమో కదండీ అత్తయ్యా..."

"కోశాక చల్లితే పదునేం ఉంటుందే, పిచ్చిమొహమా! చేను నిలబడి ఉండగానే చల్లాలి. కోతకి రెండ్రోజుల ముందు. వరి కింద తడి ఉంటుంది, ఆ తడికే మొలక లేస్తుంది. ఆమాత్రం తెలీకుండా పొలం చేస్తున్నావా?"

తిట్టింది!

నన్నే. ఎదురుగా. 'వే' అని, 'పిచ్చిమొహమా' అని. నాకు ఏనుగెక్కినంత సంబరం. నవ్వాలో ఏడవాలో తెలియక, "సరేనండి, చల్లేద్దాం" అన్నాను.

ఆ ఆటలో మినుములు లేవు. నల్ల గింజలేవో ఉన్నాయి, వాటినే మినుములనుకున్నాం. సంచీని వేలితో లాగి పండిన చేను మీద వదిలాను.

బర్ర్ర్.

ఎర్రగా మెరిసింది. మడి ఖాళీగా లేదంది.

మళ్ళీ లాగాను. బర్ర్ర్.

"నువ్వు సరిగ్గా చల్లట్లేదు. ఇటివ్వు" అని ఆవిడ చల్లింది. వేలు చివర కాదు, చెయ్యి మొత్తం విసిరి, నిజంగా చల్లినట్టే. గాజులు గలగలమన్నాయి.

బర్ర్ర్.

"వీడెవడో మాగాణి మొహం చూసినవాడు కాదు" అని తేల్చేసింది. అలాగని కోయనిచ్చిందా? ఇవ్వలేదు. మినుములు చల్లకుండా కోతేంటని పట్టు. ఇద్దరం సాయంత్రందాకా ఆ చేనుతో కుస్తీ పట్టాం. చివరికి గడువు దాటి, పంటంతా గోధుమరంగుకి తిరిగి తలవాల్చేసింది. గట్టు మీద కోడి కూసింది.

అంత బాగా నేనెప్పుడూ ఓడిపోలేదు.

చక్రి వచ్చేసరికి ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వుతున్నాం. "ఒరేయ్, ఈ పిల్లకి సేద్యం తెలీదురా" అంది అత్తయ్య. వాడు చెప్పులు విప్పడం మర్చిపోయి గుమ్మంలోనే నిలబడ్డాడు.

తర్వాత... కోతలు దగ్గరపడ్డాయి. మామయ్యగారు రమ్మని కబురు చేశారు. బస్టాండుకు ముగ్గురం వెళ్ళాం. అత్తయ్య కిటికీ పక్కన కూర్చుంది. "వెళ్ళొస్తానురా" అంది, చక్రితో. నా వైపు చూసింది. పెదవి కదిలింది. ఈలోగా బస్సు కదిలింది.

మళ్ళీ మొదటికొచ్చిందా?

ఇంట్లో ఫ్యాను ఊరికే తిరుగుతోంది. చక్రి ఫోను మోగుతోంది— అమ్మ. బాగున్నాను, బాగున్నారా, పెట్టేస్తున్నాను. నా ఫోన్లో కోడి ఒక్కటే కూస్తోంది. దిగులేసింది. ఒక ఫ్యానూ ఒక తిట్టూ చూసుకుని ఎంత ఆశపడ్డానో అనిపించింది.

ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి పొలం తెరిచాను. చేను పండి ఉంది. వేలెత్తాను. ఎందుకో ఆగాను.

ఫోను వణికింది. పొలం మాయమైంది. తెర మీద ఒక పేరు— పెళ్ళినాడే రాసి పెట్టుకున్న పేరు, ఒక్కసారి కూడా వెలగని పేరు.

అత్తయ్య.

"ఏమే జెస్సీ!"

నా పేరు!

"పొద్దున్నే మినుములు చల్లాం. ఎల్లుండి కోత. వింటున్నావా?"

వింటున్నాను. ఆవిడ వెనక గాలి, ఎవరివో కేకలు. దూరంగా ఒక కోడి, నిజం కోడి.

"వింటున్నానండి అత్తయ్యా."

"కోసిన వారం పదిరోజులకి మోళ్ళ మధ్యన పచ్చగా లేస్తుంది. చెబితే తెలిసేది కాదే అది. కళ్ళతో చూడాలి."

చూడాలంటే... అక్కడికి రావాలిగా?

అడగబోయాను. అవతల ఎవరో పిలిచారు. "ఉంటాను, కూలోళ్ళకి మజ్జిగ పొయ్యాలి" అని పెట్టేసింది.

పొలం తిరిగి తెర మీదకొచ్చింది. పండిన చేను అలాగే ఉంది. ఎండిపోతే పోనీ, మినుములు చల్లకుండా నేనెలా కోస్తాను!

"పామర్రు బస్సులు ఎన్నింటికి ఉంటాయో..." అన్నాను.

ఫ్యాను తిరుగుతోంది.

పక్క మడికి నీళ్ళు పెట్టాను.

టుప్.