సాక్ష్యం తర్వాత సోమవారం

హిందీ మాట్లాడే ఊరు పర్సుడీహ్‌లోని తెలుగు క్రైస్తవ సంఘంలో ఒక పద్ధతి ఉంది. తాగుడు మానుకుంటున్న మనిషికి సంఘం ఒక తోడును ఇస్తుంది. ఏ షిఫ్టు దిగినా సరే, ఫ్యాక్టరీ గేటు నుంచి ఇంటి గుమ్మం దాకా ఆ తోడు పక్కన నడుస్తాడు. ఆ మనిషి ఒక ఆదివారం అందరి ముందు నిలబడి సాక్ష్యం చెప్పాక, తోడు ఇంకొకరి దగ్గరికి వెళ్తాడు.

పౌల్‌రాజుకు తోడు సురేష్. డెబ్బై రెండు రోజులుగా సైకిలు పట్టుకుని గేటు బయట నిలబడుతున్నాడు. దారిలో పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. సారా దుకాణం దాటేటప్పుడు పౌల్‌రాజు తనను తాను గమనించుకునేవాడు. మొదటి వారం చేతులు వణికేవి, నోట్లో నీళ్లూరేవి. ఇప్పుడు చేతులు వణకడం లేదు. నోరు మాత్రం ఊరుతోంది. ఈ తేడాను ఎవరికైనా చెప్పాలనిపించేది. చెప్పుకోదగ్గ సంగతి కాదేమోనని ఊరుకునేవాడు.

సంఘం వార్షికోత్సవానికి విశాఖపట్నం నుంచి అతిథులు వస్తున్నారని, ఆ రోజు సాక్ష్యం చెప్పాలని పాస్టరుగారు అన్నారు. తనకింకా కోరిక పోలేదని పౌల్‌రాజు నెమ్మదిగా చెప్పాడు. ఆయన నవ్వారు. ఏట్లో ఉన్నవాడి మాట ఎవరికీ ధైర్యం ఇవ్వదని, గట్టెక్కినవాడి మాటే జనం వింటారని అన్నారు.

అతని భార్య ధనమ్మ పదకొండేళ్లుగా ఆరాధనలో తలుపు పక్కనే కూర్చుంటోంది. భర్త తూలుతూ వస్తే చప్పుడు కాకుండా బయటికి తీసుకెళ్లడానికి వీలైన చోటు అది.

"ఆ ఒక్క దినం ముందు వరసలో కూకుంటానయ్యా," అంది.

అతను సాక్ష్యానికి ఒప్పుకున్నాడు.

ఆదివారం మైకు ముందు నిలబడి, తనకు పూర్తి విడుదల దొరికిందని, ఇప్పుడు ఆ వాసన కూడా గుర్తులేదని చెప్పాడు. చెబుతుండగా మనసులో ఏదో భాగం పక్కకు జరిగి, ఆ మాటలంటున్న మనిషిని చూసింది. ఆ మనిషి గట్టెక్కేశాడు. చప్పట్లు అతనికే కొట్టారు, శాలువా అతనికే కప్పారు. రోజూ దుకాణం దాటుతున్నవాడు ఎవరికీ కనబడలేదు. ధనమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

సోమవారం మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు దిగేసరికి గేటు బయట సురేష్ లేడు.

పౌల్‌రాజు పది నిమిషాలు చూసి నడక మొదలుపెట్టాడు. దుకాణం ముందు కాళ్లు ఆగిపోయాయి. నిన్న శాలువా కప్పించుకున్నవాడు ఇవాళ ఒక్క గ్లాసు తాగాడన్నా ఎవరూ నమ్మరు అన్న ఆలోచన వచ్చింది. అది అంత తెలివిగా వచ్చినందుకు భయపడ్డాడు. వెనక్కి తిరిగి, రైలు పట్టాల పక్కనుంచి చుట్టూ తిరిగి సురేష్ ఇంటికి వెళ్లాడు.

సురేష్ గుమ్మంలోనే అతని ముఖం చూసి, "తాగేసినావేటన్నా?" అన్నాడు.

"లేదు. రేపు వత్తావేమోనని అడుగుదామని వచ్చాను."

"నీది హో గయా కదన్నా, అయిపోయింది. నాకిప్పుడు బిర్సానగర్‌లో ఒకాయన్ని ఇచ్చారు. మళ్లీ నీకు తోడు కావాలంటే పాస్టరుగారికి చెప్పాల. చెప్తే నిన్న నువ్వన్నది అబద్ధమని అవుతాది."

ఇంటికి వచ్చి జరిగినదంతా ధనమ్మకు చెప్పాడు. ఆ వాసన గుర్తుందని, మైకు ముందు నిలబడ్డప్పుడూ ఉందని చెప్పాడు. ఆమె బియ్యం ఏరుతూ విన్నది.

"మరెందుకలా సెప్పినావు?"

"నువ్వు ముందు కూకున్నావు."

రేపు గేటు దగ్గరికి రాగలవా అని అడిగాడు. సంఘంలో సగం మంది మగవాళ్లు ఆ గేటులోంచే బయటికొస్తారు. భర్తకు కాపలాగా ఆమె అక్కడ నిలబడితే, సాయంత్రానికల్లా అందరికీ సంగతి అర్థమవుతుంది. అది ఇద్దరికీ తెలుసు. ధనమ్మ చేట పక్కన పెట్టి పొయ్యి దగ్గరికి వెళ్లింది.

మంగళవారం అతను బయటికి వచ్చేసరికి ఆటోల పక్కన నిలబడి ఉంది. సంఘంవాళ్లు ఇద్దరు ఆమెను నవ్వుతూ పలకరించి, వెనకాల వస్తున్న అతన్ని చూసి మాట ఆపేశారు. ఆమె వాళ్లకు ఏ సాకూ చెప్పలేదు. అతను దగ్గరికి రాగానే నడిచింది.

కొంత దూరం పోయాక, "ఏదది?" అంది.

అతను చూపించాడు. రేకుల కప్పు, రెండు బల్లలు, ఉడికించిన శనగల గిన్నె. ఆమె నిలబడి చూసింది.

"ఇంత సిన్నదా," అంది.

అతను తల వంచుకున్నాడు. నోరు ఊరుతోందని చెప్పాడు. ఆమె సరేనని అతని చెయ్యి పట్టుకుంది. దుకాణం దాటాక కూడా వదల్లేదు.

"ఎన్నాళ్లు రావాల?"

"తెలీదు. వచ్చే వారం బీ షిఫ్టు. రాత్రి పదింటికి దిగుతాను."

ధనమ్మ వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూసింది.

"పదింటికి ఇటేపు ఆటోలుంటాయా?" అంది.